నలుగురి పని

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక వాగు. వానాకాలంలో పొంగి పొర్లేది. ఎండాకాలం వచ్చిందంటే ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆ వాగు ఒడ్డున ఒక బొరియలో ముసలి ముళ్లపంది ఒకటి ఒంటరిగా ఉండేది. అందరూ దాన్ని ముళ్లవ్వ అనేవాళ్లు. అనడమే గానీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. ముళ్లున్న ఒంటిని ఎవరు ఆనుకుంటారు చెప్పండి?

ముళ్లవ్వకు ఒకప్పుడు తోడుండేది. ఒక ఎండాకాలం ఆ ముసలాయన నీళ్లు వెతుక్కుంటూ వెళ్లి తిరిగి రాలేదు. అవ్వ చాలా రోజులు ఎదురు చూసింది. తరవాత చూడటం మానేసి, వాగులోకి దిగి ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. లోతుగా తవ్వితే అడుగున నీళ్లు ఊరాయి. ఇసుకలో తవ్వే ఆ గుంటనే చెలమ అంటారు. అప్పటినుంచి ప్రతి ఎండాకాలం పొద్దు వాలగానే అవ్వ చెలమ తవ్వేది. మర్నాడు తాగడానికి వచ్చినవాళ్ల కాళ్లకు అంచులు జారి, సాయంత్రానికి గుంట పూడిపోయేది. అవ్వ మళ్లీ తవ్వేది.

పగలు అవ్వ బొరియలో పడుకుంటే, పైన జంతువులన్నీ వచ్చి నీళ్లు తాగి వెళ్లేవి. అవ్వ లేచి బయటికి వచ్చేసరికి ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఇసుకలో అడుగుల గుర్తులు మాత్రం ఉండేవి. ఈరోజు దుప్పులు వచ్చాయన్నమాట, కుందేలు పిల్లల్ని కూడా తెచ్చింది అని అవ్వ తనలో తనే మురిసిపోయేది. ఆమె ఇంటికి చుట్టాలు రావడమంటే అదే. తాగేవాళ్లేమో చెలమ దానంతటదే ఊరుతుందని, అంతా వాగు తల్లి దయ అని అనుకునేవాళ్లు. ఎవరు తవ్వుతున్నారో అడిగే తీరిక ఎవరికుంది?

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. నీళ్లు మరీ లోతుకు పోయాయి. అవ్వ కాళ్లలో సత్తువ తగ్గింది. తినడానికి దుంపలు కావాలంటే కొండ అవతలికి వెళ్లాలి. వెళ్తే తవ్వే ఓపిక ఉండదు, తవ్వితే వెళ్లే ఓపిక ఉండదు. కొన్ని ఎండు ఇప్పపూలు దొరికితే చాలు, ఈ ఎండాకాలం వాగును వదలకుండా గడిపేస్తాను అనుకుంది.

ఇప్పపూలు ఎక్కడ ఉంటాయో అందరికీ తెలుసు. ఆ అడవిలో ఒక గుహను ఉమ్మడి గాదెగా వాడుకునేవాళ్లు. పూల కాలంలో ప్రతి జంతువూ తన వంతు తెచ్చి అందులో పోసేది. ముళ్లవ్వ కూడా పోసేది. అడవికి మేలు చేసే చిన్న చిన్న పనులకు అందులోంచి సాయం ఇచ్చేవాళ్లు. ఈ ఏర్పాటు చేసింది పెద్దమ్మ అనే ముసలి ఏనుగు. పోయేముందు అది ఒకే మాట చెప్పింది.

"నలుగురి పనికైతేనే గాదె తియ్యండి" అంది.

గాదెకు కాపలా కొండముచ్చు. చెడ్డది కాదు పాపం. ఒక్క పువ్వు కూడా దొంగచాటుగా నోట్లో వేసుకునేది కాదు. కానీ పెద్దమ్మ మాటను అక్షరం పొల్లు పోకుండా పట్టుకుంది. నలుగురి పని అంటే నలుగురు కలిసి చేసే పని అని దాని లెక్క. ఎవరు వచ్చినా ముందు వేళ్లు మడిచి లెక్కపెట్టేది. నాలుగు మాటలు చెప్పమంటే నలభై చెప్పే కొండముచ్చు, నలుగురు అన్న మాట దగ్గర మాత్రం మహా కచ్చితం. ఒకసారి నాలుగు నక్కలు వచ్చి అడవి దారులు శుభ్రం చేస్తామన్నాయి. లెక్క సరిపోయింది కాబట్టి గాదె తెరిచి ఇచ్చేసింది. నక్కలు ఆ పూలన్నీ తిని గుర్రు పెట్టి నిద్రపోయాయి. దారుల్లో ముళ్లకంప అలాగే ఉంది.

ముళ్లవ్వ వెళ్లి, పూలు దొరక్కపోతే దుంపలకోసం కొండ అవతలికి వెళ్లక తప్పదని తన సంగతి చెప్పుకుంది. కొండముచ్చు ఆమె వెనక్కి తొంగి చూసింది. వెనక ఎవరూ లేరు. ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని రమ్మంది, అప్పుడు తనకేమీ అడ్డు లేదంది. ముగ్గురిని తేవడం మీకూ నాకూ చిన్న పని. ఎవరూ లేనివాళ్లకు అది కొండంత పని.

అవ్వ ముందుగా కుందేలు ఇంటికి వెళ్లింది. కుందేలు పిల్లల్ని గబగబా లోపలికి తోసి గుమ్మంలోంచే మాట్లాడింది. పసిపిల్లలున్న ఇల్లనీ, ముళ్లు గుచ్చుకుంటాయనీ, తప్పుగా అనుకోవద్దనీ చెప్పింది. అక్కడినుంచి నెమలి దగ్గరికి వెళ్లింది. ముళ్లవ్వ పక్కన నిలబడితే నలుగురిలో తన పింఛం గతేం కావాలని నెమలి దిగులుపడింది. దూరంగానే నిలబడతానని అవ్వ అంది. అయినా నెమలి ఒప్పుకోలేదు. చివరికి ఎలుగుబంటి దగ్గరికి వెళ్లింది. ఎలుగుబంటి అంతా విని నవ్వింది. చెలమ నువ్వు తవ్వడమేంటవ్వా, అది వాగు తల్లి ఇచ్చేది కదా, వయసు మీద పడితే ఇలాంటివే తోస్తాయిలే అంది. రానన్న మాటకంటే ఆ మాటే అవ్వను ఎక్కువ బాధపెట్టింది.

అవ్వ మళ్లీ ఒంటరిగానే గాదె దగ్గరికి వచ్చింది.

"ఎవరూ రాలేదు నాయనా. చేసేది నేనొక్కదాన్నే. తాగేవాళ్లయితే చాలామంది ఉన్నారు" అంది.

"తాగేవాళ్లతో మనకు పని లేదవ్వా. చేసేవాళ్లు నలుగురుండాలి. పెద్దమ్మ మాట నేను దాటలేను" అంది కొండముచ్చు.

అలా అందే గానీ దానికి జాలి వేసింది. గాదెకు అడ్డంగా పెట్టిన బండ మీద చెయ్యి కూడా వేసింది. ఇవాళ ఒకరికి ఇస్తే రేపు అందరూ ఒక్కొక్కరే వస్తారనుకుని చెయ్యి తీసేసింది.

మంచిది నాయనా అని అవ్వ వెళ్లిపోయింది. ఆకలికి ఆగలేక ఆ సాయంత్రమే కొండ అవతలికి బయలుదేరింది. వాగు వైపు ఒకసారి తిరిగి చూసింది. వెళ్లొస్తానని చెప్పడానికి ఎవరూ లేరు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలు. జంతువులు ఎప్పటిలాగే వాగుకు వచ్చాయి. చెలమ లేదు. మర్నాడు వచ్చినా లేదు. వాగు తల్లికి కోపం వచ్చిందని ఎలుగుబంటి ఇసుకకు దండాలు పెట్టింది. ఎవరో పాపం చేసి ఉంటారని నెమలి అందరినీ అనుమానంగా చూసింది. కుందేలు పిల్లలు నాలుకలు బయటపెట్టి నీడలో పడిపోయాయి. కొండముచ్చు కూడా గాదె వదిలి వచ్చింది. దాని పిల్లల గొంతులూ ఎండిపోతున్నాయి మరి. ఇసుక మీద కూర్చుని చేతులతో గీకింది. ఒక ముల్లు దొరికింది. ఇంకాస్త గీకితే ఇంకొకటి. నలుపూ తెలుపూ చారలున్న ముళ్లు. కొన్ని కొత్తవి, కొన్ని ఏళ్లనాటివి, అరిగి మొండిబారినవి.

కొండముచ్చు తలెత్తింది. చుట్టూ కుందేలు, నెమలి, ఎలుగుబంటి, దుప్పులు, అడవిపందులు, పిట్టలు నిలబడి ఉన్నాయి. అలవాటు కొద్దీ వేళ్లు మడిచి లెక్కపెట్టబోయింది. వేళ్లు చాలలేదు.

"పెద్దమ్మ చెప్పిన నలుగురు మనమే. అవ్వ ఇన్నేళ్లూ చేసింది నలుగురి పనే. నేను ఆమె వెనక ఎవరున్నారని చూశాను, వాగు వైపు చూడలేదు" అంది.

ఎలుగుబంటి తల దించుకుంది. అడవిపందులు చెలమ తవ్వడానికి ఇసుకలోకి దిగాయి. మిగిలినవాళ్లు గాదె తెరిచి, ఇప్పపూలు మోసుకుంటూ కొండ ఎక్కారు.

కొండ అవతల ఒక పొద కింద ముళ్లవ్వ పడి ఉంది. బాగా చిక్కిపోయింది. అంతమందిని ఒక్కసారిగా చూసి కంగారుగా లేవబోయింది. లేవలేకపోయింది.

"నీళ్ల కోసం వచ్చారా నాయనా? కాస్త ఓపిక రాగానే వచ్చి తవ్వుతాను. ఏమీ అనుకోకండి" అంది.

"నీళ్లకు కాదవ్వా. నీకోసమే వచ్చాం" అని కుందేలు ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్లి అవ్వను ఆనుకుని కూర్చుంది. అవ్వ ఊపిరి బిగబట్టి ముళ్లన్నీ వాల్చేసింది. ఒక్కటీ గుచ్చుకోలేదు.

కొండముచ్చు పూలు తెచ్చి అవ్వ ముందు పోసింది. సాయం ఇచ్చేటప్పుడు ఎవరికి ఇస్తున్నారో పేరు పెట్టి అందరూ వినేలా పిలవడం ఆ అడవిలో ఆనవాయితీ. పిలవబోయి ఆగిపోయింది. ముళ్లవ్వ అన్నది పేరు కాదు కదా. పక్కవాళ్ల వైపు చూసింది. వాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లుగా ఆమె తవ్విన నీళ్లు తాగారు గానీ, ఆమె పేరు ఒక్కరికీ తెలియదు.

"నీ పేరేంటవ్వా?" అని సిగ్గుపడుతూ అడిగింది.

అవ్వ చాలాసేపు ఆలోచించింది.

"మల్లి. మా అమ్మ అలా పిలిచేది, మా ముసలాయన కూడా. ఆయన పోయాక ఎవరూ పిలవలేదు" అంది.

కొండముచ్చు లేచి నిలబడి, కొండ మారుమోగేలా "మల్లమ్మా" అని పిలిచింది.

అవ్వకు కళ్లనీళ్లు ఆగలేదు. ఎన్నో రోజుల ఆకలి. ముందు పూల కుప్ప. అయినా దాన్ని ముట్టుకోలేదు.

"పూలు తరవాత తింటాను నాయనా. ఇంకొక్కసారి పిలువు" అంది.

నీతి: సాయం అడగడానికి వచ్చినవాళ్ల వెనక ఎవరున్నారని చూసేముందు, వాళ్ల పని వల్ల ఎవరు బతుకుతున్నారో చూడాలి.