బార్లీ కషాయం చల్లార్చిన పూట

ఏమడిగినా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోని మనిషి బెంజిమన్ మాష్టారు. కాలేజీలో ముప్ఫయ్యేళ్లు కెమిస్ట్రీ చెప్పి నోరరిగిపోయిందనేవారు. రిటైరయ్యాక మొలకెత్తిన బార్లీ తెచ్చుకుని, వంటింట్లో ఐదేసి లీటర్ల బీరు కాచుకుంటూ కాలం వెళ్లదీసేవారు. ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు ఆయన పాత శిష్యుడు శౌరి చెప్పాడు.

శౌరి తన తల్లి సమాధి దగ్గర అన్న ఇన్నయ్యతో మాటా మాటా అనుకుని అప్పటికి నాలుగు నెలలైంది. ఆ అన్నకు సోమవారం గుండె ఆపరేషన్. వెళ్తే మొహం మీదే తలుపేస్తాడేమోనని శౌరి భయం. శనివారం పొద్దున మాష్టారి దగ్గరకు వచ్చి, "ఇంకా వేడి మీదున్నాడు మాష్టారూ. చల్లారాక వెళ్తే తప్పా?" అని అడిగాడు.

మాష్టారు నిట్టూర్చి, మూలనున్న జాడీ తెరిచి వాసన చూడమన్నారు. పుల్లటి కంపు కొట్టింది. అది బీరు కోసం కిందటివారం కాచిన బార్లీ కషాయం. ఆవేళ ఓపిక లేక, దానంతట అదే చల్లారుతుందిలే అని వదిలేసి, మర్నాడు, దాన్ని బీరుగా పులియబెట్టే ఈస్టు కలిపారట. మరిగేటప్పుడు దాని జోలికి ఏ క్రిమీ రాదు. చల్లబడగానే ఈస్టు కలిపితే అది ఇంకొకదానికి చోటివ్వదు.

"మధ్యలో గోరువెచ్చగా ఉండే గంటలున్నాయే, అప్పుడు దారినపోయే ప్రతిదీ వచ్చి చేరుతుంది," అన్నారు.

శౌరి జాడీకి మూత పెట్టాడు. ఈ నాలుగు నెలల్లో తాను అనని మాటలు కూడా అన్నట్టే అన్న చెవిన పడ్డాయని, ఎవరు మోశారో తెలియదని మెల్లగా చెప్పాడు. అన్న కోపం కన్నా అదే ఎక్కువ బాధగా ఉందంటూ కళ్లు తుడుచుకున్నాడు.

మాష్టారు ఓదార్చలేదు. పొయ్యి మీద కొత్త కషాయం కుతకుతలాడుతోంది. గిన్నె దించి నీళ్ల తొట్టిలో పెట్టారు. తొట్టిలో ఐసు పోయమని, నీళ్లు వేడెక్కినప్పుడల్లా పారబోసి మళ్లీ పోయమని శిష్యుడికి పురమాయించి, తాను వంగి గరిటె తిప్పుతూ నిలబడ్డారు. అరగంట ఇద్దరూ ఊపిరి తిప్పుకోలేదు. శౌరి చేతులు కొంకర్లు పోయాయి. చివరికి గిన్నె తాకి చూసి, చల్లారింది మాష్టారూ అన్నాడు.

"చల్లారలేదయ్యా, చల్లార్చాం," అన్నారు మాష్టారు, గోడకు జారగిలబడుతూ. "కావాలంటే నా నడుమునడుగు."