పాదుకల మీద ఒట్టు

కరిబసవస్వామి మాటంటే ఆ ఊరికి వేదవాక్కు. ఆయన సారా మానమంటే మానారు, తగువు విడవమంటే విడిచారు. ఇదంతా చూసి ఉబ్బిపోయినవాడు మాత్రం ఆయన శిష్యుడు చెన్నబసవయ్య. గురువు ఊళ్ళో లేనప్పుడు ఆయన పాత పాదుకలను పట్టుగుడ్డ పరిచిన పీట మీద పెట్టి, వచ్చినవాళ్ళ చేత వాటి మీద ఒట్టు వేయించి తగువులు తీర్చేవాడు. మనకు పోలీసు స్టేషను దేనికయ్యా, అని గడ్డం నిమురుకునేవాడు.

ఒకసారి గురువు పొరుగూరు వెళ్ళినప్పుడు మఠంలో పూజగంట పోయింది. ఊరు ఊరంతా వరసకట్టి ఒట్టేసింది. ఆకుకూరలమ్మే ఓబుళమ్మ మాత్రం వేయనంది.

"నేను తీయలేదు సామీ. అదే మాట చెప్పుల మీద చెయ్యిపెట్టి చెప్తే ఇంకో మాటవుతుందా?"

గురుపాదుకల్ని చెప్పులంటుందా అని చెన్నబసవయ్యకు ఒళ్ళు మండింది. "ఒట్టేయనిదే దొంగ," అని తేల్చేశాడు. మర్నాటి నుంచి ఓబుళమ్మ తోటకూర గంపలోనే వాడిపోతోంది. కొనే దిక్కు లేదు.

గురువు తిరిగి రాగానే శిష్యుడు అంతా పూసగుచ్చినట్టు చెప్పి, మెప్పు కోసం చూశాడు.

"బాగుంది. మరి నువ్వు ఒట్టేశావా?"

"నేనా? నన్నెవరు అడుగుతారు స్వామీ?"

"గంట నువ్వు తీశావా?"

"అయ్యో, లేదు స్వామీ."

"సరే," అన్నారు గురువు.

ఇంకేదో అడుగుతారని చెన్నబసవయ్య కాచుకుని నిలబడ్డాడు. ఆయన అడగలేదు. అడగకపోయేసరికి మెడ దగ్గర మొదలైన వేడి మెల్లగా చెవులదాకా పాకింది.

గురువు పీట మీది పాదుకలు కిందికి లాగి, కాళ్ళకు తొడుక్కుని టకటకా వీధిలోకి నడిచారు. వెనకే శిష్యుడు. దారిలో పేడ ఉంటే పక్కకు తప్పుకోకుండా తొక్కారు. అరుగుల మీది జనమంతా చూస్తుండగా ఓబుళమ్మ గడప ముందు ఆగారు.

"పేడ తొక్కానమ్మా. ఇవి బయటే ఉండనీ," అని పాదుకలు విడిచి లోపలికెళ్ళి కూర్చున్నారు. "మజ్జిగుందా?"

"ఉంది సామీ." ఆమె వాకిలి వైపు చూసింది. "ఆ సామి లోపలికి రాడా?"

"వస్తాడు. ఈ ఊళ్ళో ఒట్టేయనివాళ్ళు నువ్వూ వాడూ ఇద్దరే కదమ్మా. ముందు వాడికి పొయ్యి."

ఓబుళమ్మ చెంబు తెచ్చింది. చెన్నబసవయ్య దోసిలి పట్టాడు గానీ, తల ఎత్తలేకపోయాడు.