వీధికో గొంతు

ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా చెప్పులు వేసుకోవడం జగ్గారావు మేష్టారి అలవాటు. ఓడరేవులో సముద్రపు లోతులు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఆయన ఆ మత్స్యకారుల ఊళ్లో ఒక గది తీసుకుని పటాలు గీయడం నేర్పుతున్నారు. ఆయన శిష్యురాలు నూకరత్నం. ఫోన్లో వీడియోలు చూసి తనంతట తనే కంప్యూటర్ పట్టేసిన పిల్ల. కుర్చీలో కూర్చున్నా కాలు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

తుఫాను తర్వాత ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేటలు వేసింది. సరుకుతో వచ్చే పడవలు మేటలెక్కి కూర్చుంటున్నాయి. ఏ పక్కన దారి ఉందో తేల్చి గుర్తుగా గెడలు పాతాలి. అందుకని మేష్టారు పడవలన్నింటికీ లోతు కొలిచే యంత్రాలు కట్టించి, పటం పని రత్నానికి అప్పగించారు. ఆమె రీడింగులన్నీ ఉన్నవి ఉన్నట్టుగా వేసి పటం గీసింది. తీరా చూస్తే సముద్రం అడుగు మశూచికం వచ్చిన మొహంలా ఉంది, అంతా గుంటలూ బొడిపెలూ. ఎక్కువ పడవలు లంగరు వేసే దక్షిణం వైపు రీడింగులు గుట్టపడ్డాయి. నీరు పొంగే పోటులో ఒక లోతు, తీసే పాటులో ఒక లోతు. ఆ గందరగోళం ఉత్తరం దాకా పాకింది.

"ముందు సముద్రాన్ని గడులుగా కొయ్యి. గడిలో ఎన్ని రీడింగులున్నా సగటు తీసి ఒక్కటే ఉంచు. ఆ తర్వాత గీయి" అన్నారు మేష్టారు.

రత్నానికి ఒళ్లు మండింది. "ఎండలో మాడిపోయి కొలుచుకొచ్చినవండీ అవి. అన్నీ చెరిపేసి ఒక్కటి ఉంచడమా? అసలు సగటు అంటే ఎవరూ కొలవని అంకె కదా. అది నిజం ఎలా అవుద్ది?"

మేష్టారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ వెళ్లేసరికి ఒడ్డున వలల పాకలో ఊరు ఊరంతా చేరి ఉంది. గెడలు ఎటు పాతాలన్నదే తగువు. దక్షిణాన లంగరు వేసే రేవు వీధి వాళ్లు లెక్కలేనంత మంది, అందరూ ఒక్కసారే అరుస్తున్నారు: దక్షిణమే, దక్షిణమే. మిగతా వీధుల మాట ఎవరికీ వినపడ్డం లేదు. ఊరి పెద్ద దానయ్య చెవులు మూసుకుని కూర్చున్నాడు.

మేష్టారు ఆయన పక్కకెళ్లి అడిగారు. "దానయ్యా, వలలేసే చోట్లు పంచుకునేటప్పుడు మీ కట్టుబాటేమిటి?"

దానయ్య లేచి కర్ర నేలకి కొట్టాడు. "వీధికో గొంతు! ముందు మీలో మీరు తేల్చుకు రండి. ఆనక ఒక్కడే లేవాలి."

రేవు వీధి వాళ్లు గుమిగూడారు. ఇందాకటిదాకా ఒక్క మాట మీదున్నట్టు కనపడ్డ వాళ్లలోనే ఇప్పుడు కొట్లాట మొదలైంది. మూడు బారల లోతుందని ఒకడు. "నీ మొహం, పాటులో నా పడవ అడుగు గీసుకుపోయింది, ఒక్క బార లేదక్కడ" అని ఇంకొకడు. చివరికి వాళ్ల మనిషి లేచి నసిగాడు. "ఆ... రెండు బారలుంటాదనుకోండి."

ఒక్కొక్క వీధీ చెప్పింది. ఆఖరికి చివరి వీధి నుంచి పోలమ్మ లేచింది. ఆ వీధిలో ఉన్నది ఆమె ఇల్లొక్కటే.

"ఒక్క కొంపకి వీధంత గొంతా?" ఎవడో ఎగతాళి చేశాడు.

"నీకు నోరెంతుందో నాకూ అంతే ఉంది, కూకో" అంది పోలమ్మ. "మా నావ ఉత్తరం పక్కనించే వత్తాది. పాటులో గెడేస్తే గెడంతా ములిగిపోయి నా చెయ్యి తడుస్తాది. ఇన్నాళ్లూ ఎవడడిగాడు నన్ను?"

ఎగతాళి చేసినవాడు కూర్చున్నాడు.

రత్నం మేష్టారి చెవి దగ్గరకి వంగింది. "అంటే గడికో గొంతన్నమాట. మరి ఎవరూ లేని వీధి ఉంటే?"

"అక్కడ మాట పుట్టించకు. ఖాళీగా వదిలెయ్యి."

దానయ్య తీర్పు చెప్పాడు. "రత్నం పటం ఎటంటే అటు. రేపు పాటులో మొదటి పడవ నాదే, నిండు సరుకుతో. గీసిన దానివి ముందు నువ్వెక్కాలమ్మా. మేటెక్కితే పడవ రెండు ముక్కలు. ఆ తర్వాత నీ పటాలు పకోడీలు కట్టుకోవడానికే."

రత్నం గదికి పరిగెత్తింది. కంప్యూటర్ నల్ల తెర మీద, గడికో సగటు తియ్యమని ఒకే ఒక్క వరుస ఆదేశం రాసింది: ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా సముద్రం, గడి వెడల్పెంత, రీడింగులున్న ఫైలు పేరేమిటి. ఎంటర్ కొట్టింది. రేవు వీధి రీడింగుల గుట్ట నాలుగు గడుల్లోకి సర్దుకుంది. పోలమ్మ నావ ఒంటరిగా కొలిచిన లోతులు తమ గడుల్లో తాము నిటారుగా నిలబడ్డాయి. మళ్లీ గీస్తే బొడిపెలు లేవు. ఉత్తరాన నీలంగా, పాపిడి తీసినట్టు, దారి.

మర్నాడు గెడలు పాతారు. దానయ్య పడవ సరుకు బరువుకి అంచుదాకా మునిగి మొగలోకి వచ్చింది. ముందు కొసన రత్నం కూర్చుంది, రెండు చేతులతో చెక్క బిగించి పట్టుకుని. పాటు నీరు లాగేస్తోంది. ఎడమన మేట నీళ్లలోంచి వీపు చూపిస్తోంది. ఏ క్షణాన అడుగున గర్రుమంటుందోనని ఆమె చెవి ఒగ్గి వింది. గర్రుమనలేదు. దానయ్య గెడ దించాడు. అది దిగింది, దిగింది, ఇంకా దిగి అతని మణికట్టు తడిపింది.

"ఉందిరోయ్ దారీ!" అని దానయ్య వేసిన కేక ఒడ్డుకి చేరేలోపే ఒడ్డంతా కేకై లేచింది. తలపాగాలు గాల్లోకి ఎగిరాయి. రేవు వీధి వాళ్లే ముందు నీళ్లలోకి దూకి పడవ లాగారు. "మేం మొదట్నించీ ఉత్తరమే అన్నాం కదేటి" అంటున్నాడొకడు, సిగ్గులేకుండా. పోలమ్మ కొంగు నడుముకి దోపి, రత్నాన్ని అమాంతం ఎత్తి ఒడ్డున దింపింది.

రత్నం తడిసిన బట్టలతోనే మేష్టారి దగ్గరకి పరిగెత్తింది. నవ్వు ఆగడం లేదు. "మేష్టారూ! దారి దొరికేసింది! పడవలన్నీ ఇక ఇటే!"

మేష్టారూ నవ్వారు. ఆమె తల నిమిరారు. ఆయన చూపు మాత్రం దక్షిణాన, ఒక్క పడవా లేకుండా మిగిలిన నీళ్ల మీద ఉంది.

"బాగుందమ్మా, చాలా బాగుంది. మేటలు కదులుతూనే ఉంటాయి, కొలిచేవేమో పడవలే. మరి రేపణ్ణించి అటు పక్క మాట నీకెవరు చెబుతారు?"