గవర్రాజు గారి సందేహాలు

కాకినాడలో హైమవతి గారి దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి ముందుగా అలవడేది ఓపిక. ఆవిడ చాలాకాలం పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి, ఇంటి ముందుగదిలో కూర్చుని అడిగినవాళ్ళకి వెబ్‌సైట్లు చేసిపెట్టేవారు. ఏ కంపెనీలోనూ చేరలేదు, తనుగా ఒక కంపెనీ పెట్టనూలేదు. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. అడిగినవాడి ముఖంలోకి కాసేపు చూసి, ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని ముగించుకుని వచ్చేసరికి కొందరు తాము అడిగిందే మరిచిపోయేవారు. కొందరికి మళ్ళీ అడగవలసిన అవసరం ఉండేది కాదు.

కిరీటి ఆవిడ దగ్గరికి వచ్చేనాటికి ముప్పై దాటినవాడు. కంపెనీ ఉద్యోగం వదులుకుని, సొంతంగా పనులు పట్టుకుని చేసుకుంటున్నాడు. చేతిలో పనితనం ఉంది. ఏ అక్షరం ఎంత ఉండాలో, ఏ బొమ్మ ఎక్కడ కూర్చుంటే కంటికి హాయిగా ఉంటుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అతన్ని అలసగొట్టింది పని కాదు, పని చేయించుకునేవాళ్ళు. ఒకనాటి మధ్యాహ్నం ఎవరితోనో చాలాసేపు మాట్లాడి, ఫోన్ బల్ల మీద బోర్లించి, నుదురు పట్టుకుని కూర్చున్నాడు.

"మేడమ్, మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. ఎంతవుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది, గూగుల్లో మాదే మొదట వస్తుందా, మీరు మధ్యలో వదిలేస్తే మా గతేమిటి, తరవాత మేమే మార్చుకోవచ్చా. ఇవే. పొద్దున చెప్పింది సాయంత్రం మళ్ళీ అడుగుతారు. ఒకసారి చెబితే వాళ్ళకి ఎందుకు సరిపోదంటారు?"

హైమవతి గారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

"పిఠాపురం రోడ్డులో గవర్రాజు గారని ఉన్నారు. వినికిడి లేని చిన్నపిల్లలకి మాటలు నేర్పే బడి ఒకటి నడుపుతారు. వాళ్ళ సైటు మార్చాలిట. ఆ పని నువ్వు చూడు" అన్నారు. కాసేపాగి, "ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకు. వెళ్ళి కూర్చో" అని కూడా అన్నారు.

కిరీటి వెళ్ళలేదు. ఎండ మండిపోతోంది, చేతిలో ఇంకా రెండు పనులున్నాయి. ఫోన్ చేశాడు. గవర్రాజు గారి గొంతు నెమ్మదిగా, పెద్దమనిషి తరహాగా ఉంది. ఆయన అడిగినవీ అవే. ఎంతవుతుంది బాబూ, ఎన్నాళ్ళు పడుతుంది బాబూ. కిరీటి అన్నిటికీ చెప్పాడు. చివర్లో ఆయన ఇంకొకటి అడిగాడు. "ఇప్పుడున్న సైటులో ఒక ఫోన్ నంబరుంది. అది తీసెయ్యాలి. తీసేశాక, ఎప్పుడైనా మళ్ళీ పెట్టుకోవాలంటే కుదురుతుందా?"

"కుదురుతుంది సార్" అన్నాడు కిరీటి.

మర్నాడు పొద్దున్నే ఆయనే చేశాడు. "నిన్న ఒకటి అడగడం మరిచిపోయాను బాబూ. ఆ నంబరు తీసేశాక మళ్ళీ పెట్టుకోవచ్చునా?" కిరీటి పళ్ళు బిగబట్టి మళ్ళీ చెప్పాడు. ఆ సాయంత్రం మళ్ళీ అదే. ఆ తరవాత రోజు మరోలా తిప్పి అదే. ఈలోగా పనికి ఇంకో చిక్కు వచ్చిపడింది. పాత సైటు ఎవరో కుర్రాడు చేసిపెట్టాడట. అతను ఇప్పుడెక్కడున్నాడో తెలీదు. లోపలికి వెళ్ళే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదు. దాని సంగతి మాట్లాడదామని కిరీటి ఫోన్ చేస్తే, ఆయన అంతా విని, "అది సరే బాబూ, తీసేసిన నంబరు..." అని మొదలుపెట్టాడు.

"సార్, నా మాట మీద నమ్మకం లేకపోతే ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాడు కిరీటి.

"నమ్మకం లేక కాదు బాబూ" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట అన్న తరవాత కిరీటికి అన్నం సహించలేదు. పెద్దాయన్ని అంత మాట అనేశానే అని ఒక పక్క, నేను మాత్రం మనిషిని కానా అని ఒక పక్క. పొద్దున్నే బండి తీసి పిఠాపురం రోడ్డు పట్టాడు.

బడి అంటే రెండు గదులు, ముందు రేకుల వసారా. వసారాలో చాప మీద అయిదారుగురు పిల్లలు కూర్చున్నారు. కొందరి చెవుల వెనక చిన్న మిషన్లున్నాయి. ఎస్తేరు గారనే టీచరు ఒక బాబుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, సన్నని కాగితం ముక్క తన పెదాల ముందు పట్టుకుని "ప" అంది. ఊపిరికి కాగితం ఎగిరింది. దాన్ని బాబు పెదాల ముందు పెట్టింది. వాడు నోరు తెరిచాడు, కాగితం కదల్లేదు. ఆవిడ మళ్ళీ "ప" అంది. మళ్ళీ వాడి ముందు పెట్టింది. ఆవిడ ముఖంలో విసుగు లేదు గానీ, కళ్ళ కింద అలసట కనిపిస్తూనే ఉంది.

గవర్రాజు గారు లేచి ఎదురొచ్చాడు. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, ఇస్త్రీ చెదరని చొక్కాతో ఉన్నాడు. నిన్నటి మాట ఎత్తలేదు. కుర్చీ తుడిచి వేసి, మజ్జిగ తెప్పించాడు. కిరీటి క్షమించమని అడగబోతుండగా ఫోన్ మోగింది. గట్టిగా మోగింది. చాప మీద పిల్లల్లో ఒక్క పాప తప్ప ఎవరూ తల తిప్పలేదు. ఆ పాప మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

గవర్రాజు గారి జేబులో రెండు ఫోన్లున్నాయి. ఆయన పాతదాన్ని, గులాబీరంగు తొడుగున్నదాన్ని తీశాడు.

"హలో... లేరమ్మా."

కాసేపు విన్నాడు.

"ఎప్పుడూ రారమ్మా. చనిపోయారు. కార్తీకంలో... నేను ఆవిడ భర్తని. బడి ఉందమ్మా, నడుస్తోంది. ఎస్తేరు గారని, ఆవిడ దగ్గర నేర్చుకున్నవారే... హలో? హలో?"

ఆయన ఫోన్ వైపు ఒకసారి చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మా ఆవిడ సువర్చల పెట్టిన బడి ఇది. సైటులో ఆవిడ పేరే ఉంది, ఆవిడ నంబరే ఉంది. అది చూసి చేస్తారు. లేరు అంటే, ఎప్పుడొస్తారండీ అంటారు. వాళ్ళ తప్పు కాదు. మొదటే చనిపోయిందని చెప్పేద్దామనుకుంటాను. నోరు రాదు. ముందు లేరనే అంటాను. వాళ్ళు అడుగుతారు. అప్పుడు చెబుతాను."

"ఆ ఫోన్ ఆపేయవచ్చు కదండీ" అన్నాడు కిరీటి.

"ఆపేస్తే ఆ తల్లి ఇంకెక్కడ అడుగుతుంది? చిన్నతనంలో తీసుకొస్తే ఆ పిల్లకి మాట వస్తుంది. ఆలస్యమైనకొద్దీ కష్టం. సువర్చల ఎవరొచ్చినా ముందు ఈ మాటే చెప్పేది. ఇప్పుడు ఆవిడ లేదనగానే సగంమంది పెట్టేస్తున్నారు. వాళ్ళ పిల్లలు ఏమవుతున్నారో తెలీదు." ఆయన మజ్జిగ గ్లాసు కిరీటి దగ్గరికి జరిపాడు. "తాగండి బాబూ, ఎండన పడి వచ్చారు."

ఆ పూటంతా కిరీటి అక్కడే ఉండిపోయాడు. ఫోన్ మరికొన్నిసార్లు మోగింది. ప్రతిసారీ గవర్రాజు గారు ఒకే గొంతుతో, మొదటిసారి చెబుతున్నంత మర్యాదగా చెప్పాడు. ప్రతిసారీ మాట ముగిశాక ఆయన భుజాలు కొద్దిగా దిగేవి, అంతే.

మధ్యాహ్నం పిల్లలతోపాటు అందరూ అన్నాలకి కూర్చున్నారు. గవర్రాజు గారు అన్నం కలుపుతుండగా కిటికీ గట్టు మీద పెట్టిన ఆ పాత ఫోన్ మోగింది. ఆయన ఎంగిలి చెయ్యి చూపించి, "కాస్త ఎత్తుతారా బాబూ" అన్నాడు.

కిరీటి ఎత్తాడు. అవతల ఒక చిన్న వయసు ఆడగొంతు. వెనక బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. "సువర్చల మేడమ్ ఉన్నారాండీ?"

"లేరండీ." ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"ఎప్పుడొస్తారండీ?"

రోజుకి పాతికమందికి జవాబులు చెప్పే మనిషి, ఈ చిన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. గవర్రాజు గారు కలిపిన ముద్ద అలాగే పట్టుకుని అతనికేసి చూస్తున్నాడు. కిరీటి గోడవైపు తిరిగి, "ఆవిడ పోయారండీ" అన్నాడు.

"అయ్యో" అంది ఆ అమ్మాయి. ఆ తరవాత గొంతు సన్నగిల్లిపోయింది. "మరి మావాడో? చాలా దూరం నుంచి వచ్చామండీ. బస్టాండులో ఉన్నాం."

"తీసుకురండి. ఎస్తేరు గారని ఉన్నారు. బాగా చెబుతారు."

"ఆవిడ ఉంటారాండీ? మధ్యలో మానేస్తే మావాడి గతేమిటి?"

కిరీటి వసారాలోకి చూశాడు. పొద్దుట కాగితం కదిలించలేకపోయిన బాబుకి ఎస్తేరు గారు అన్నం తినిపిస్తోంది. తినిపిస్తూనే పెదాలు కనపడేలా "పప్పు, పప్పు" అంటోంది. ఆవిడ గురించి అతనికి తెలిసింది ఆ ఒక్క పూట సంగతే. అయినా, "ఉంటారండీ. మీరు రండి" అన్నాడు. ఆ అమ్మాయి నమ్మలేదేమో, మళ్ళీ అదే అడిగింది. అతను మళ్ళీ చెప్పాడు. బస్టాండు నుంచి ఏ ఆటో ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పాడు. ఎదురుగా వచ్చి రోడ్డు మీద నిలబడతానని కూడా చెప్పాడు.

వాళ్ళు వచ్చారు. తల్లి, తండ్రి, చంకలో మూడేళ్ళు నిండని బిడ్డ. ఎస్తేరు గారు చెయ్యి కడుక్కుని వచ్చి వాడి ఎదురుగా నేలమీద కూర్చుంది.

సాయంత్రం కిరీటి పని మొదలుపెట్టాడు. పాస్‌వర్డ్ పోయిందని అడిగితే సైటు ఓటీపీ పంపిస్తానంది. ఆ ఓటీపీ వచ్చింది సువర్చల గారి ఫోన్‌కే. ఇన్నాళ్ళూ తాళం అక్కడే ఉందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. ఆ నంబరు కిరీటే మార్చెయ్యగలడు, అరనిమిషం పని. అతను అలా చెయ్యకుండా, గవర్రాజు గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ నొక్కాలో, ఎలా చెరపాలో, ఎలా రాయాలో చూపించాడు. ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క అంకె చెరిపాడు. చివరి అంకె దగ్గర వేలు ఆగింది.

"తీసేశాక మళ్ళీ పెట్టుకోవచ్చా బాబూ?"

"పెట్టుకోవచ్చండీ" అన్నాడు కిరీటి. "మీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు. నన్ను అడగక్కర్లేదు కూడా. ఎలా పెట్టాలో ఇప్పుడు మీకే వచ్చు."

ఆయన తలూపాడు. ఆ అంకె కూడా చెరిపి, అక్కడ ఎస్తేరు గారి నంబరు రాశాడు. సువర్చల గారి ఫొటో మాత్రం ఉండనివ్వమన్నాడు. దాని కింద ఏం రాయాలో ఆయనకి తోచలేదు. కిరీటి "ఈ బడిని మొదలుపెట్టినవారు" అని రాసి చూపిస్తే, చాలాసేపు చదివి, బాగుందన్నాడు.

తరవాత కొద్దిరోజులు కిరీటి ఆ సైటు మిగతా పని చూసుకున్నాడు. గవర్రాజు గారు రోజూ ఫోన్ చేసేవాడు. ఫొటో కనిపిస్తోందా, హైదరాబాదులో వాళ్ళకి కూడా కనిపిస్తుందా, కరెంటు పోతే సైటు పోదు కదా. కిరీటి చెప్పేవాడు. అలసట అలాగే ఉండేది. గొంతులో మాత్రం విసురు తగ్గింది.

ఒకరోజు అతను హైమవతి గారి ముందుగదిలో పని చేసుకుంటుండగా ఫోన్ వచ్చింది.

"బాబూ, సైటు పనిచేస్తోందా?"

"పనిచేస్తోందండీ."

"ఎస్తేరుకి ఫోన్లు బాగానే వస్తున్నాయట. కొత్తగా పిల్లలు కూడా చేరారు. ఆరోజు బస్టాండు నుంచి వచ్చారే, వాళ్ళబ్బాయి రోజూ వస్తున్నాడు." ఆయన గొంతు తగ్గించాడు. "సువర్చల ఫోన్ మాత్రం మోగడం లేదు బాబూ. నిన్నా మోగలేదు, ఇవాళా మోగలేదు. సైటులో ఏమైనా పాడైందేమోనని."

కిరీటి కుర్చీలోంచి లేచి వసారాలోకి వెళ్ళాడు. చెప్పడానికి ఒకే ఒక్క జవాబుంది.

"ఏమీ పాడవలేదండీ. అంతా సరిగ్గానే ఉంది."

"ఆఁ. అంతేలే. సరే బాబూ, సరే" అన్నాడాయన. ఫోన్ మాత్రం వెంటనే పెట్టెయ్యలేదు. అవతల నుంచి పిల్లల గొంతులు, వాటి మధ్యలో ఎస్తేరు గారి గొంతు వినిపించాయి. తరవాత ఆయనే పెట్టేశాడు.

కిరీటి లోపలికి వచ్చి కూర్చున్నాడు. హైమవతి గారు తన పనిలోంచి తల ఎత్తకుండానే అడిగారు.

"గవర్రాజు గారేనా?"

"అవును మేడమ్. సైటు పనిచేస్తోందా అని."

"నిన్న కూడా అడిగినట్టున్నారు."

"అడిగారు మేడమ్. ఇవాళా అదే చెప్పాను."

ఆవిడ చేతిలో పని ఆపి, శిష్యుడి ముఖంలోకి కాసేపు చూశారు.

"రేపు ఆయన చెయ్యకపోతే నువ్వే చెయ్యి" అన్నారు. "చేసి, ఏదో ఒకటి అడుగు."