పేరిందేవమ్మ మరిచిపోయిన గొడుగు

ఏ కాలంలో జరిగిందని మాత్రం అడగకండి. తేనెపల్లి మహారాజు మకరందవర్మకు తలమీద కిరీటమూ ఉండేది, ఒళ్ళో ట్యాబూ ఉండేది. ఆ ట్యాబు నిండా బొమ్మల కథలే. మంత్రిగారు వరదల సంగతి విన్నవిస్తున్నా, ఆయన వేలి కింద బొమ్మలు కదులుతూనే ఉండేవి.

ఒకసారి రాజుగారు పొరుగు రాజ్యంలో పెళ్ళికి వెళ్ళి వచ్చి చూసుకుంటే ట్యాబు ఖాళీ. ఒక్క కథా లేదు.

"నా కథలు నాకు దొరికేదాకా ఈ సభలో ఏ పనీ జరగదు! తెచ్చిచ్చినవాళ్ళు కోరింది ఇస్తాను" అని ప్రకటించి, ఆయన సింహాసనం మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

ఆస్థాన పండితుడు విరూపాక్షయ్య జరీ శాలువా సవరించుకుని లేచాడు.

"ప్రభూ, బొమ్మల కథలు పసిపిల్లల కాలక్షేపం. నేనైతే కన్నెత్తి చూడను. అయినా ఎలా పోయాయో తెలియనిదేముంది? తమరు లేనప్పుడు ట్యాబు దాది పేరిందేవమ్మ దగ్గరే ఉంది. పెద్దావిడ, మతిమరుపు. ఏదో నొక్కబోయి ఏదో నొక్కి ఉంటుంది. ఇక ఆవిణ్ణి ఇంటికి పంపేయండి."

పేరిందేవమ్మ స్తంభం పక్కనే నిలబడి ఇదంతా వింటోంది. రాజుగారిని ఎత్తుకుని పెంచిన చేతులు ఆవిడవి. బడికి వెళ్ళిన మనిషి కాదు. ఆ బొమ్మల్లోని మాటల బుడగలు చూసి చూసి తనంతట తనే చదవడం నేర్చుకుంది. ఈ మధ్య కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని కోటంతా వెతుకుతోంది. పొయ్యిమీద పాలు మాడ్చేస్తోంది. కొంపదీసి తనే చెరిపేసిందా?

కొంగు తడిమి చూసుకుంది. ట్యాబు పెట్టెలో పెట్టి మూత వేశానని గుర్తుకు వేసుకున్న ముడి అలాగే ఉంది. మూత వేసింది, సరే. చెరిపిందా లేదా అన్నదానికి ముడి లేదు!

అప్పుడు ఆవిడకు ఒక సంగతి తట్టింది. మొన్న రాజుగారు ఒక కథలో కోతి పేరు తప్పు చెబితే, ఎంత ఆపుకుందామన్నా తన నోరు ఆగలేదు.

కొంగు బిగించి ముందుకొచ్చింది.

"ప్రభూ, గుర్తున్నంతవరకు ఒక్కో కథా చెబుతాను, చిత్రకారులు మళ్ళీ గీస్తారు. ఒక్కటే మనవి. నేను ఎక్కడ తప్పినా తమరు నోరు మెదపకూడదు. మధ్యలో ఆపితే ఉన్న ముక్క కూడా పోతుంది."

"బాగుంది! మతిమరుపునే జ్ఞాపకాలు అప్పడిగినట్టుంది" అని పండితుడు నవ్వి కూర్చున్నాడు.

"చెప్పు అవ్వా" అన్నారు రాజుగారు.

"ముందు గొడుగు ఏనుగు కథ."

రాజుగారి కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు ఆయన జ్వరంతో పడుకుంటే, తల్లి ఆ ట్యాబు మీదే వేలితో గీసి ఇచ్చిన కథ అది. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఆ కథ మరెక్కడా లేదు. రాజుగారూ దాదీ తప్ప దాన్ని చూసినవాళ్ళూ లేరు.

"అనగనగా ఒక ఏనుగు. దానికి వానంటే భయం. ఎప్పుడూ పచ్చ గొడుగు వేసుకుని తిరిగేది."

రాజుగారు నోరు తెరిచి, మాట గుర్తొచ్చి మూసుకున్నారు. పండితుడు ఎందుకో దగ్గాడు.

"ఏటి ఒడ్డున దానికి ఒక కుందేలు కనబడింది."

పండితుడి వేళ్ళు శాలువా అంచును మెలిపెట్టసాగాయి.

"ఇంతలో వాన. పాపం కుందేలు తడిసిపోతోంది. అప్పుడు ఏనుగు ఏం చేసిందబ్బా... ఆఁ! గొడుగు మూసి, ఇంటికెళ్ళి పడుకుంది."

"పడుకోవడమేమిటి!" పండితుడు దిగ్గున లేచాడు. "ఎర్ర గొడుగమ్మా అది, ఎర్రది! కుందేలు కాదు, తాబేలు! ఏనుగు తను తడుస్తూ తాబేలుకు గొడుగు పడుతుంది. 'నా ఇల్లు నా వీపు మీదే ఉంది, గొడుగు నువ్వే వేసుకో మామా' అంటుంది తాబేలు! అంత చక్కటి ముగింపును పాడు చేస్తావా?"

పేరిందేవమ్మ తాపీగా ఆయనకేసి తిరిగింది.

"పండితులవారూ, నేను చూసింది మరిచిపోయాను, సరే. కన్నెత్తి చూడనిది మీకెలా గుర్తుందండీ?"

విరూపాక్షయ్య శాలువా మడతలోంచి పెన్‌డ్రైవ్ తీసి రాజుగారి ముందు పెట్టాడు.

"క్షమించండి ప్రభూ! నాకూ బొమ్మల కథలంటే పిచ్చి. అడగడానికి నామోషీ వేసింది. నకలు తీసుకుందామనే అవ్వ లేనప్పుడు పెట్టె తెరిచాను. అవన్నీ ఇందులోకి వచ్చేసి, అక్కడ ఖాళీ అయిపోయింది."

"అయితే ఏదో నొక్కబోయి ఏదో నొక్కింది మా అవ్వ కాదన్నమాట!"

సభ గొల్లుమంది. కథలన్నీ ట్యాబులోకి తిరిగొచ్చాయి. ఎర్ర గొడుగు కనబడగానే రాజుగారు తెర మీద అరచెయ్యి ఆనించారు.

"కోరుకో అవ్వా."

"నన్ను ఇంటికి పంపకు నాయనా. కళ్ళు మసకబారుతున్నాయి, ఇక రోజూ సాయంత్రం పండితులవారే నాకొక కథ చదివి వినిపించాలి. ఏనుగు ఘీంకరించిన చోట ఘీంకరించాలి కూడా."

రాజుగారు నవ్వుతూ సరేనని తన చేతి కంకణం తీసి ఆవిడకు తొడిగారు. తొడుగుతూ, చెవి దగ్గరకు వంగి అడిగారు.

"నిజం చెప్పు. గొడుగు రంగు కావాలనే తప్పు చెప్పావా, మరిచిపోయావా?"

పేరిందేవమ్మ కొంగు ముడులన్నీ ఒకసారి తడిమి చూసుకుంది.

"అదే నాయనా, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు!"