పసుపు జెండా దగ్గర పడిపోయిన గీత

“సిగ్గున్నవాడివైతే ఈ ప్రశ్న నన్ను అడగవు. నేరుగా అధికారుల గదిలోకి వెళ్లి, అక్కడ కూర్చున్నవాళ్లకు జవాబు చెబుతావు,” అన్నారు కోదండపాణి మాస్టారు.

ఫణీంద్ర తల దించుకున్నాడు. పొద్దున జరిగిన బైకు పోటీలో, మలుపు తిరుగుతూ, పక్కనే వస్తున్న రైడరు దారికి అడ్డంగా అతడు బండిని తోశాడు. ఆ రైడరు పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. అధికారులు పిలిచి అడిగితే, “అతనే వచ్చి నాకు తగిలాడు,” అని ఫణీంద్ర చెప్పాడు. సాయంత్రం నాలుగింటికి తీర్పు. నిజం చెబితే మర్నాటి ఫైనల్ చేజారుతుంది. చెప్పకుండా ఉందామంటే మనసు ఊరుకోవడం లేదు. అందుకే గురువు దగ్గరికి వచ్చి, “ఫైనల్ అయిపోగానే నేనే వెళ్లి ఒప్పుకుంటాను. ఒక్క రోజు ఆగితే నిజం పాడైపోతుందా, మాస్టారూ?” అని అడిగాడు.

అనంతపురం అవతల ఉన్న ఆ రేసు ట్రాక్‌లో కోదండపాణి ఇరవై ఏళ్లుగా బండి నడపడం నేర్పుతున్నారు. శిష్యులు పోటీలో ఉన్న రోజు మిగతా గురువులంతా బండ్లు సరిచేసుకునే పిట్‌లో నీడపట్టున కూర్చుంటారు. ఆయన మాత్రం కొన్నేళ్లుగా నాలుగో మలుపు దగ్గర, ఎండలో, పసుపు జెండా పట్టుకుని నిలబడతారు. ఎందుకని అడిగినవాళ్లకు ఎప్పుడూ జవాబు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం కూడా ఆయన వాదన పెట్టుకోలేదు. శిష్యుణ్ణి షెడ్డు వెనక గదిలోకి తీసుకెళ్లి, స్టాండు మీద నిలబెట్టి ఉన్న ఒక బండి మీది ముసుగు తీశారు.

ఆరువందల సీసీ బండి. ట్రాక్ కోసమే పుట్టింది. దానికి హెడ్‌లైటు లేదు, హారన్ లేదు, వెనక చూసుకునే అద్దాలు లేవు, నంబరు ప్లేటు బిగించే చోటు కూడా లేదు. రోడ్డు మీదికి తెస్తే నేరం. సీటు కింద మాత్రం అరచేతిలో పట్టే నల్ల పెట్టె ఒకటి ఉంది. నడిపేవాడి చెయ్యి యాక్సిలరేటర్‌ను ఎక్కడ ఎంత తిప్పిందో, ఎక్కడ వదిలిందో అది రాసిపెట్టుకుంటుంది. తర్వాత కంప్యూటర్‌లో చూస్తే ఒక గీతలా కనిపిస్తుంది. తిప్పినంతసేపు గీత పైన ఉంటుంది. వదిలేస్తే కిందికి పడిపోతుంది. “ఇది రఘునందన్ బండి,” అని మొదలుపెట్టి మాస్టారు చెప్పిన సంగతి ఇది.

రఘునందన్ కూడా తన శిష్యుడే, ఫణీంద్ర కంటే ముందువాడు అన్నారు. చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్లే అబద్ధమాడతారనుకోవడం మనకు హాయినిచ్చే పొరపాటు. ఆ ఏడాది పోటీలో అతడు రెండో స్థానంలో వస్తుండగా నాలుగో మలుపులో ఎవరో పడ్డారు. అక్కడ జెండా పట్టేవాడు ఓబులేసు. పక్క పల్లెలో చెనక్కాయ వేసుకునే రైతు. ట్రాక్ వేసిన నాటినుంచి ఆ మలుపు అతనిదే. పోటీకి ముందురోజు తన నారింజ రంగు కోటును తనే ఉతికి, ఇస్త్రీ చేసుకునేవాడు. ఓబులేసు పసుపు జెండా ఎత్తాడు. ముందు మనిషి పడి ఉన్నాడు, వేగం తగ్గించు, ఎవరినీ దాటకు అని దాని అర్థం. రఘునందన్ దాటాడు. స్ట్రెచర్ తెస్తున్నవాళ్లకు మూరెడు దూరంలోంచి దూసుకుపోయి, పోటీ గెలిచాడు.

ఓడినవాడు ఫిర్యాదు చేశాడు. “జెండా లేవలేదండీ. లేచి ఉంటే ఆగనా?” అన్నాడు రఘునందన్.

“ఎత్తినా సామీ. రెండు చేతుల్తో ఎత్తినా. ఈ పిల్లోడు నా పక్క చూసినాడు గూడా,” అన్నాడు ఓబులేసు.

“హెల్మెట్ నల్లద్దంలోంచి అతని చూపు నీకెట్లా కనబడింది, పెద్దాయనా? కలలోనా?” అన్నాడు ఒక అధికారి. అందరూ నవ్వారు. రఘునందన్ కూడా నవ్వాడు.

ఆ మలుపులో కెమెరా లేదు. పెద్దవాడయ్యాడు, కునుకు పట్టి ఉంటుంది అని తేల్చారు. ఓబులేసు కోటు విప్పి, చక్కగా మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కప్పు రఘునందన్ ఇంటికి వచ్చింది. అడిగినవాళ్లందరికీ అతడు అదే మాట చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పాడో, చివరికి తనకే అది నిజమనిపించింది.

పదకొండు నెలలు గడిచాయి. మళ్లీ అదే ట్రాక్‌లో పోటీ. నాలుగో మలుపులో ఇంకా ఎంత వేగంగా వెళ్లవచ్చో చూద్దామని అతడు కిందటి పోటీ గీతలు తెరిచాడు. మలుపుకు ముందు తిన్నని దారి. అక్కడ ఏ చుట్టులో చూసినా గీత పైకంటా ఉంది. మనిషి పడిన ఆ ఒక్క చుట్టులో మాత్రం అట్టడుగుకు పడిపోయి, రెప్పపాటు ఉండి, మళ్లీ లేచింది. అక్కడ చెయ్యి వదలడానికి వేరే కారణమే లేదు. తను జెండాను చూశాడు. చెయ్యి వదిలింది. తర్వాత మళ్లీ తిప్పాడు. ఆ తిప్పింది తనే.

మర్నాటి పొద్దునే కంప్యూటర్ చంకన పెట్టుకుని ఓబులేసు ఇంటికి వెళ్లాడు. ఆయన వాకిట్లో విత్తనం కాయలు వలుస్తున్నాడు. రఘునందన్ నిలబడే చెప్పాడు. “తాతా, అబద్ధం నాది. ఆ రోజు నువ్వు జెండా ఎత్తావు. నేను చూశాను.”

ఓబులేసు చేతిలోని కాయను చాటలో వేశాడు. “నా మింద జాలిపడి వచ్చినావు నాయనా. మొదట్లో నేనూ ఎత్తినాననే అంటి. ఇంటిదాంతో పోట్లాడితి. జెండా పట్టుకోని నిద్రపోయినావంట గదా అని ఊరంతా నగిరి. తలుచుకునేకొద్దీ, చెయ్యి లేసిందో లేదో నాకే తెలీకుండా పాయ. ఇప్పుడు కండ్లు మూసుకుంటే జెండా కిందనే కనపడతాది.”

“కాదు తాతా, ఇదిగో చూడు, ఈ గీత…”

“ఆ గీతలు నాకేం తెలుసప్పా? మంచోడివి. ఎండన పడి వచ్చినావు. మజ్జిగ తాగిపో.”

రఘునందన్ అక్కణ్ణుంచి అధికారుల దగ్గరికి వెళ్లి అంతా చెప్పాడు. కప్పు తీసేసుకున్నారు. రెండేళ్లు ట్రాక్‌లో అడుగు పెట్టవద్దన్నారు. ఓబులేసుకు కబురు పంపి, ఇస్త్రీ చేసిన కోటు చేతిలో పెట్టబోయారు. ఆయన తీసుకోలేదు. “ఎత్తినానో లేదో తెలీని చేతికి జెండా ఇయ్యగూడదు సామీ. పిల్లోళ్ల పానాలు గదా,” అన్నాడు.

మాస్టారు అక్కడ ఆగారు. ఫణీంద్రకు పొద్దుటి మలుపు గుర్తొచ్చింది. పొద్దున తను తోసిన రైడరు ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద ఏమనుకుంటూ ఉంటాడు? తప్పు నాదేనేమో అనుకోవడం ఇప్పటికే మొదలుపెట్టాడా?

“తర్వాత ఏమయ్యాడు, మాస్టారూ, రఘునందన్?”

“ఆ ఇంటికి ఇంకో మూడుసార్లు వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా మజ్జిగ ఇచ్చారు. వాడికి కావలసింది క్షమాపణ. ఆ పెద్దాయన దృష్టిలో వీడు తప్పే చెయ్యలేదు, ఇంక దేన్ని క్షమిస్తాడు? నాలుగోసారి వచ్చాక పెట్రోలు తీసేసి, బండిని ఇక్కడ నిలబెట్టి వెళ్లిపోయాడు. శిక్ష రెండేళ్లే. తొమ్మిదేళ్లయింది. మళ్లీ ఎక్కలేదు.”

మాస్టారు బండి మీద ముసుగు కప్పి, అంచులు సరిచేశారు. గోడవార ఉన్న పసుపు జెండాను చేతిలోకి తీసుకున్నారు. ఫణీంద్ర అధికారుల గదికని బయల్దేరి, గుమ్మం దాటబోతూ ఆగాడు.

“ఆ గీత… పోటీ జరిగిన రోజే ఎవరైనా చూసి ఉంటే బాగుండేది, మాస్టారూ.”

కోదండపాణి అతని వైపు చూడలేదు.

“చూశాను,” అన్నారు. “ఆ సాయంత్రమే.”