ఆషాఢంలో కొన్న కారు

చెన్నమల్లయ్య గారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు ఓ పని చెప్పేవారు. మోక్షం గురించి అడిగినవాడికి చీపురు అందించారు. మౌనం గురించి అడిగినావిడ ఒడిలో ఏడుస్తున్న చంటిపిల్లను పెట్టారు. పని అయ్యాక మళ్ళీ వచ్చి ప్రశ్న అడగాల్సిన అవసరం చాలామందికి ఉండేది కాదు. దుగ్గిరాల అవతల కాలువ గట్టు మీద ఆయన ఆశ్రమం. ఆశ్రమం అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు రేకుల షెడ్లు, ఓ వంటిల్లు, గురుపీఠం ఉన్న చిన్న మందిరం, అంతే. శిష్యులు ఆయన్ని అయ్యవారూ అని పిలిచేవారు. తొలి ఏకాదశి నాడు పొద్దున్నే మంగళగిరి నుంచి స్కూటరు మీద వచ్చిన పానకాలరావు గారు అడిగిన ప్రశ్న మాత్రం ఆ రేకుల కింద అంతకు ముందెవరూ అడగనిది.

"అయ్యవారూ, కారు ఎప్పుడు కొంటే మంచిది?"

నవ్వకండి. ఆయన సామాన్యుడు కాడు. ఓ నూలు మిల్లులో ముప్పై ఏళ్ళు సరుకులు కొనే సెక్షన్లో పనిచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువు ధర ఏ నెలలో మెట్టు దిగుతుందో ఆయనకు చేతి రేఖల్లా తెలుసు. గొడుగు మాఘంలో కొంటాడు, దుప్పటి చైత్రంలో కొంటాడు, కాలెండరు ఫిబ్రవరిలో కొంటాడు. చెప్పిన ధరకు వస్తువు కొన్న రోజు తన జీవితంలో లేదని నలుగురిలో చెప్పుకునేవాడు, ఆ మాట అబద్ధమూ కాదు. కారుకు కావలసిన డబ్బు రిటైరైన నాటి నుంచీ బ్యాంకులో సిద్ధంగా ఉంది. రెండేళ్ళయింది. మొదట దసరా ఆఫర్లు చూద్దామనుకున్నాడు. దసరాకు వెళితే ధనత్రయోదశికి ఇంకా ఇస్తారన్నారు. అప్పుడు వెళితే, డిసెంబరులో పాత సంవత్సరం బండ్లు వదిలించుకుంటారు కదా అని తనకే తోచింది. డిసెంబరులో వెళితే, కొత్త మోడల్ వస్తోందట, వస్తే పాతది ఇంకా దిగుతుంది. అలా ధర దిగుతూనే ఉంది, పానకాలరావు గారు స్కూటరు దిగలేదు.

ఇదంతా ఆయన ఒక్కడి సంగతే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. ఆయనకు శేషారత్నం అనే అక్క ఉంది. పదహారేళ్ళు పెద్దది. తల్లి పోయాక ఆయన్ని పెంచిందీ ఆవిడే, పదేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుని ఈ అయ్యవారి దగ్గరకు మొదట తీసుకొచ్చిందీ ఆవిడే. ఏటా గురుపౌర్ణమి నాడు మందిరంలో మంగళహారతి పాడేది శేషారత్నమ్మ గారే. ముప్పై ఏళ్ళపాటు ఆ పాట ఇంకొకరి నోట వినిపించలేదు. రెండేళ్ళ కిందట ఆవిడ స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. రాడ్డు వేశారు. బస్సు మెట్టు ఎక్కలేదు, స్కూటరు మీద కూర్చోలేదు, ఆటోలో కుదుపుకొక్క అరుపు. అద్దె కారు మాట్లాడదామంటే పానకాలరావు గారే వద్దన్నాడు. "వచ్చే నెల మనదే వస్తుంటే అద్దెకి దండగ దేనికక్కా" అన్నాడు. ఆ మాట రెండు గురుపౌర్ణములకూ అన్నాడు. ఆ రెండేళ్ళూ మందిరంలో హారతి ఇచ్చేటప్పుడు గంట ఒక్కటే మోగింది. "నేను పాడనా అయ్యవారూ" అని ఓ అమ్మాయి ముందుకొస్తే, "కూర్చో తల్లీ, ఆవిడ వస్తుంది" అన్నారు చెన్నమల్లయ్య గారు.

ఇప్పుడు మూడో పౌర్ణమి వచ్చింది. మొన్ననే అక్క ఆయన్ని మంచం దగ్గరకు పిలిచి, "ఒరేయ్ పానకాలూ, ఈమధ్య రెండు చరణాలు పాడేసరికి మూడోదానికి ఊపిరి చాలటం లేదురా. ఈ ఏడైనా తీసుకెళ్తావా, లేకపోతే వచ్చే ఏడు నేను చేతులు మాత్రమే ఊపాలి" అంది, నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఆయన గుండెలో ముల్లులా దిగింది. కానీ లెక్క లెక్కే కదా. గురుపౌర్ణమి పద్దెనిమిదో తేదీ ఆదివారం. ఇప్పుడే బండి తీసుకుంటే షోరూమ్ వాళ్ళు నలభై వేలు తగ్గిస్తామన్నారు. ముప్పై ఒకటిన వెళితే యాభై ఐదు. ఆషాఢం కాబట్టి కొనేవాళ్ళుండరు, నెలాఖరు కాబట్టి వాళ్ళకు టార్గెట్ నిండాలి. ఆ రెండూ ఒకే రోజున కలిసేది ఏడాదికి ఒక్కసారే. ఆ రోజు డబ్బు కట్టేసి, శ్రావణ శుక్రవారం బండి ఇంటికి తెచ్చుకుంటే అటు ధరా దక్కుతుంది, ఇటు శుభమూ దక్కుతుంది. తప్పిపోయేది పౌర్ణమి ఒక్కటే. అందుకే అయ్యవారి నోట ఓ మాట వస్తే మనసు కుదుటపడుతుందని వచ్చాడు.

చెన్నమల్లయ్య గారు అంతా శ్రద్ధగా విన్నారు. తర్వాత గేటు వైపు చూశారు. "పండ్ల నాంచారమ్మ బుట్ట దించుతున్నట్టుంది. ఇవాళ ఫలహారంలోకి నేరేడు పండ్లు తినాలని ఉంది నాయనా. ఓ కిలో పట్టుకురా. ధర చూసి తే, నువ్వు ఆ విద్యలో ఆరితేరినవాడివి."

పానకాలరావు గారికి ఒళ్ళు పొంగింది. ఇన్నేళ్ళలో అయ్యవారు తన విద్యను మెచ్చుకోవటం అదే మొదలు. చకచకా గేటు దగ్గరకు వెళ్ళాడు. నాంచారమ్మ అప్పుడే బుట్ట మీది ఆకులు తీస్తోంది. పండ్లు నల్లగా, నిండుగా, పొద్దుటి తడితో మెరుస్తున్నాయి.

"కిలో నూట అరవై అయ్యా. నీకు మాత్రం నూట ఇరవై. బోణీ కాలేదు, బోణీ బేరం ఎట్టా వదులుకుంటాను. నా చేత్తో పైపండ్లు ఏరి పెడతా, తీసుకో."

ఆయన ఆ మాట విననట్టే, "నీ బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

"రెండుంపావుకి. అది తప్పితే పొద్దుగూకే దాకా లేదు. ఎందుకయ్యా?"

ఎందుకో ఆయనకు తెలుసు. ఆకాశంలో మబ్బు పట్టి ఉంది. నేరేడు పండు రేపటికి నిలవదు. రెండింటికి ఈమె బుట్ట ఎత్తుకోవాలి. ఎదురుగా ఉన్న కల్వర్టు మీద, మాఘంలో కొన్న గొడుగు విప్పుకుని కూర్చున్నాడు. జనం వస్తున్నారు, కొంటున్నారు, పోతున్నారు. పదకొండింటికి జల్లు మొదలైంది. పన్నెండింటికి నాంచారమ్మ నూరు అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒంటిగంటకు ఎనభై అంది. మళ్ళీ ఊపాడు.

"ఏందయ్యా నువ్వు, పండ్లు కొనటానికొచ్చావా, నాకు కాపలా కాయటానికొచ్చావా?" అందామె.

రెండు దాటాక, దూరంగా బస్సు హారన్ వినబడుతుంటే, బుట్ట అడుగున మిగిలిన కిలో పండ్లూ యాభైకి ఇచ్చేసింది. "తీసుకోవయ్యా, నువ్వే గెలిచావు" అని ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని పరుగెత్తింది.

పానకాలరావు గారు సంచీ పట్టుకుని షెడ్డులోకి అడుగుపెట్టాడు. పెట్టి, ఆగిపోయాడు. అయ్యవారు పీట మీద కూర్చుని ఉన్నారు. ఎదుట విస్తరి వేసి ఉంది. కడిగిన నీళ్ళు దాని మీద ఎప్పుడో ఆరిపోయాయి. ఆయన వెనక నలభై మంది శిష్యులు వరసలుగా కూర్చుని ఉన్నారు. ప్రతి విస్తరిలో పేలాల పిండి ఉంది, ఒక్కరి చెయ్యీ దాని మీద పడలేదు. అయ్యవారు ముద్ద ఎత్తందే అక్కడెవరూ ఎత్తరు. చివరి వరసలో ఓ ముసలాయన స్తంభానికి ఆనుకుని కునికిపాట్లు పడుతున్నాడు.

"ఎంతకిచ్చింది?" అన్నారు చెన్నమల్లయ్య గారు.

"యాభైకి అయ్యవారూ. పొద్దున నూట అరవై చెప్పింది."

"గట్టివాడివి." ఆ మాటలో వెటకారం లేదు, నిజంగానే మెచ్చుకున్నారు. సంచీలోంచి ఓ పండు తీశారు. వాన నీటికి చిట్లి ఉంది. నోట్లో వేసుకుని, గింజ దొన్నెలో పెట్టి, నెమ్మదిగా అడిగారు. "ఆమె బస్సు ఎన్నింటికో కనుక్కున్నావు. నా ఫలహారం ఎన్నింటికో కనుక్కున్నావా?"

మిగిలిన పండ్లు పక్క విస్తళ్ళలోకి పంచేసి, తన విస్తట్లో పిండి వడ్డించుకుని ముద్ద ఎత్తారు. నలభై చేతులు ఒక్కసారే విస్తళ్ళ మీదికి వంగాయి. పానకాలరావు గారు మాత్రం తినలేకపోయాడు. ఆయన కళ్ళ ముందు ఉన్నది ఆ విస్తళ్ళు కావు. మంచం మీద కూర్చుని మూడో చరణం దగ్గర ఊపిరి వెతుక్కుంటున్న అక్క. ఏడాదికి ఏడాది, ఆవిడ ముందు కూడా తాను విస్తరి వేసే ఉంచాడు. వడ్డించలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. "అయ్యవారూ, రేపే వెళ్ళి తెస్తాను. ఒక్క సందేహం. ఆషాఢంలో కొత్త బండి ఇంటికి తేవచ్చా?"

"ఆదివారం నా మెడలో దండ వేస్తావుగా," అన్నారు గురువు గారు, "అది ఏ నెల?"

షెడ్డులో నవ్వులు పూశాయి. మళ్ళీ కునికిపాట్లు పడుతున్న ముసలాయన కూడా లేచి, ఏమిటో తెలియకపోయినా నవ్వాడు.

మర్నాడు షోరూములో కాంతారావు అనే మేనేజరు ఆయన్ని చూసి ఆశ్చర్యపోయాడు. "ముప్పై ఒకటిన వస్తానన్నారు కదా సార్."

"బాబూ, ఆషాఢం మొదలయ్యాక నీ గేటు దాటిన బండి ఒక్కటైనా ఉందా?"

"బుకింగులు పదకొండు ఉన్నాయి సార్. డెలివరీలన్నీ శ్రావణంలోనే కావాలంటున్నారు. ఒక్కటీ కదల్లేదు. రోజూ ఆ అద్దాలు తుడవటమే మా పని."

"అయితే నాది బోణీ" అన్నాడు పానకాలరావు గారు. ముప్పై ఏళ్ళ అనుభవంలో ఆఖరి బేరం గురించే తప్ప మొదటి బేరం గురించి ఆలోచించని మనిషి, నాంచారమ్మ మాటనే అప్పు తెచ్చుకున్నాడు. "శనివారానికి బండి బయటికి రావాలి. నీ చేత్తో మంచిది ఏరి, మంచి ధరకి ఇవ్వు."

కాంతారావు నవ్వుతూ లోపలికి వెళ్ళాడు. పావుగంట ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. "నలభై ఎనిమిది సార్. ఆషాఢంలో బండి కదిలిందని నలుగురికీ చూపించుకుంటాం, అందుకే. ఇంక పైసా లేదు."

అప్పుడు, చెప్పొద్దూ, పానకాలరావు గారి కాళ్ళు వాటంతట అవే లేచాయి. ఇలాంటి చోట లేచి తలుపు దాకా నడవాలి. వెనక నుంచి పిలుస్తారు. ఇది ఆయన ఎన్నోసార్లు గెలిచిన ఆట. రెండడుగులు వేశాడు కూడా. మూడో అడుగు దగ్గర నీళ్ళారిపోయిన విస్తరి గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి, కుర్చీలో కూర్చుని, చెక్కు పుస్తకం తీశాడు.

ఆదివారం పొద్దున వాన వెలిసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, అక్కను ముందు సీట్లో నెమ్మదిగా కూర్చోబెట్టాడు. శేషారత్నమ్మ గారు సీటును అటూ ఇటూ తడిమి చూసుకుంది. "ఇంత మెత్తగా ఉంటుందని తెలిస్తే తుంటి ఇంకా ముందే విరగ్గొట్టుకునేదాన్ని కదురా" అంది. దారి పొడుగునా కాలువ నిండా కొత్త నీళ్ళు. ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి, చరణాలు వల్లె వేసుకుంటోంది.

మందిరంలో కుర్చీ వేసి ఉంచారు. ఎవరూ చెప్పకుండానే వేసి ఉంచారు. దండలు వేశారు, పూజ అయింది, అయ్యవారు పీఠానికి ఇవ్వటానికి హారతి పళ్ళెం అందుకున్నారు. శేషారత్నమ్మ గారు కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. గొంతు సన్నబడింది, వణికింది, అయినా పాత దారి తప్పలేదు. మొదటి చరణం వెళ్ళింది, రెండోదీ వెళ్ళింది. మూడోదాని మొదట్లో ఊపిరి అందలేదు. గంట పట్టుకున్నవాడు కొట్టబోయి, అయ్యవారి ముఖం చూసి ఆగాడు. చెన్నమల్లయ్య గారు వెలుగుతున్న పళ్ళెం చేతిలో అలాగే పట్టుకుని నిలబడ్డారు. పానకాలరావు గారు గోడకు ఆనుకుని, తన ఊపిరే ఎవరో పట్టుకున్నట్టు నిలబడ్డాడు. ఆవిడ ఓ గుటక మింగి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, మూడో చరణం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి చివరిదాకా పాడింది. కర్పూరం ఆరేదాకా పాడింది.

అందరూ హారతి కళ్ళకద్దుకున్నాక పానకాలరావు గారు గురువు గారి పాదాలకు మొక్కాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు ఒక్క పౌర్ణమికి పోతుందా, మీరే చెప్పండి. లేస్తూ లేస్తూ, గొంతు తగ్గించి అననే అన్నాడు. "ఒక్కటే అయ్యవారూ. ఇంకో పదమూడు రోజులు ఆగితే ఏడు వేలు కలిసొచ్చేవి."

చెన్నమల్లయ్య గారు కుర్చీలో అలసిపోయి, కొంగుతో చెమట తుడుచుకుంటూ నవ్వుతున్న శేషారత్నమ్మ గారి వైపు చూశారు. తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"లోపల పంచాంగం ఉంది, చూసి రా నాయనా. ముప్పై ఒకటిన కూడా పౌర్ణమి ఉంటే, బండి తిరిగి ఇచ్చేసి వద్దాం."